చేతివాటం మేడమ్

మా సోషల్ మేడమ్ దొంగ. ఈ మాట నేను చాటుగా అనడం లేదు. ఆవిడ ఎదుటే అంటాం, ఆవిడా కాదనదు. పైగా పొద్దున్నే స్టాఫ్‌రూంలోకి వస్తూనే "ఇవాళ ఎవరింట్లో పడమంటారు?" అని అడుగుతుంది. మేం పెట్టుకున్న పేరు చేతివాటం మేడమ్. అలాగని ఆవిడ ఒకరి చాక్‌పీసు ముక్క కూడా ముట్టుకోదు. పెన్ను అరువు తీసుకుంటే మూతతో సహా తిరిగిచ్చే మనిషి. ఆవిడ ఎత్తుకుపోయేది మేం పాఠం చెప్పే పద్ధతుల్ని. ఎవరి క్లాసులో కూర్చున్నా సరే, ఏదో ఒకటి కాజెయ్యకుండా బయటికి రాదు.

ఈ దొంగతనాలకి తలుపులు బార్లా తెరిచింది మా హెడ్మిస్ట్రెస్. ఆవిడ ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి, మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "ఇకనుంచి ఒకరి క్లాసులో ఒకరు వెనక బెంచీలో కూర్చుని చూడండి. తర్వాత స్టాఫ్‌రూంలో ఒక మంచి, ఒక లోపం చెప్పండి. అందరం అందరి దగ్గరా నేర్చుకుందాం" అంది. వినడానికి ఎంత బావుందో! మేం మాత్రం నేర్చుకున్నది ఒక్కటే, పక్కవాళ్ళలో ఎన్ని లోపాలున్నాయో. నేను బోర్డు మీద రాసే వరసలు కిందికి జారిపోతున్నాయని ఇంగ్లీషు మేడమ్ కనిపెట్టింది. డ్రాయింగు మాస్టారు ఆవిడ క్లాసులో కూర్చుని వచ్చి, "మీ గొంతు బావుంది మేడమ్, కానీ అంతసేపు బావుండదు" అన్నాడు. ఆ రోజునుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. టీ తాగేటప్పుడు పంచదార డబ్బా అందించమని నా ద్వారా అడిగించుకునేవాళ్ళు.

అలాంటి రోజుల్లో సోషల్ మేడమ్ నా లెక్కల క్లాసుకి వచ్చింది. ఆవిడది కాస్త భారీ విగ్రహం. వెనక బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని, చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుంది. నేను ఆ రోజు భిన్నాలు చెప్పాను. చెప్పాననేది చిన్నమాట, చెలరేగిపోయాను. రంగు చాక్‌పీసులు, గుండ్రటి బొమ్మలు, ముక్కలు, మధ్యలో ఒక జోకు కూడా. ఆ జోకుకి ముందు రోజే సాధన చేసుకున్నాను. క్లాసయ్యాక స్టాఫ్‌రూంలో అందరూ ఆవిడ చుట్టూ చేరారు.

"మంచి ముందు చెప్తారా, లోపం ముందు చెప్తారా?" అని అడిగింది హెడ్మిస్ట్రెస్.

"రెండూ వద్దండీ. నేనొకటి ఎత్తుకుపోతున్నా, అది చెప్తాను."

నా బొమ్మలే అనుకున్నాను. వినయంగా తల కూడా వంచుకున్నాను.

"మాస్టారు ప్రశ్న అడగ్గానే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు చూశారూ, ఆ తుడుపు" అంది ఆవిడ.

"అది చాక్‌పీసు దుమ్ము మేడమ్!"

"ఏ దుమ్మైతే నాకేంటండీ. మీరు తుడుచుకున్నంతసేపూ ఎవరి వైపూ చూడరు. టక్కున చెప్పేసేవాళ్ళు చేతులెత్తి ఊరికే కూర్చుంటారు. ఈలోగా నిదానంగా ఆలోచించేవాళ్ళకి లెక్క తేలుతుంది. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి ఇవాళ చెయ్యెత్తింది, చూశారా?"

"చూళ్ళేదు."

"ఎలా చూస్తారు, తుడుచుకుంటున్నారుగా! చివరికి జోడు పెట్టుకుని, మీకు తెలీకుండానే ఆ పిల్లని లేపారు. అది నాకు కావాలి."

"మీకు కళ్ళజోడు లేదు కదా మేడమ్?"

"మావారికుంది" అంది ఆవిడ.

మర్నాడు నిజంగానే వాళ్ళాయన కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. ఆయనకి వాచీలు బాగుచేసే చిన్న కొట్టుంది, ఆ అద్దాలు సీసా అడుగులంత మందం. వాటిలోంచి ఆవిడకి ప్రపంచమంతా నీళ్ళలో ఉన్నట్టు కనబడిందట. వరండాలో బీరువాకి గుడ్ మార్నింగ్ చెప్పి, హెడ్మిస్ట్రెస్‌ని పక్కకి జరపబోయింది. క్లాసులో మాత్రం ప్రశ్న వెయ్యడం, కళ్ళజోడు తియ్యడం, తీరిగ్గా తుడవడం, మళ్ళీ పెట్టుకుని తడుముకోవడం, పిల్లలకి పండగే పండగ. మధ్యాహ్నానికి వాళ్ళాయన ఒక చేతిలో ఎవరిదో విప్పిన వాచీ, ఇంకో చేతిలో గొడుగు పట్టుకుని గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"మా ఇంటావిడ నా కళ్ళు పట్టుకొచ్చేసిందండీ" అన్నాడు, నా పక్కనున్న స్తంభంతో.

తర్వాత పీటీ మాస్టారి వంతు. పిల్లలు గోల చేస్తే ఆయన అరవడు, ఈల కూడా వెయ్యడు. మైదానంలో ఉన్నచోటే చతికిలబడి కూర్చుంటాడు. ఆయన ఎందుకు కూర్చున్నాడా అని పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చుంటారు, గోల దానంతటదే ఆగిపోతుంది. "అబ్బ, ఎంత మంచి సరుకు!" అని ఆవిడ లొట్టలేసింది. ఆ మర్నాడే తన క్లాసు గోల చేస్తుంటే మాట్లాడకుండా నేలమీద కూర్చుంది. క్లాసు చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దమైపోయింది. పాఠం దివ్యంగా సాగింది. బెల్లు కొట్టాకే అసలు చిక్కొచ్చింది, కూర్చోవడం వచ్చింది కానీ లేవడం రాలేదు. పిల్లలు ఇటు కొందరు, అటు కొందరు పట్టి లాగుతుంటే, పక్క గదిలో ఉన్న నాకు తాడు లాగే పందెంలో లాంటి కేకలు వినబడ్డాయి.

ఇంగ్లీషు మేడమ్‌కి మాత్రం ఇదంతా పంతంగా మారింది. తన క్లాసు నుంచి దొంగ దిమ్మతిరిగే సొత్తు పట్టుకుపోవాలని తోలుబొమ్మలు చేయించింది, పాట కట్టింది, తానే తోడేలు వేషం కూడా వేసింది. ఆ తోడేలు గొంతుకి పక్క క్లాసులో చిన్నపిల్లలు ఏడ్చారని చెప్పుకున్నారు. సోషల్ మేడమ్ అంతా కళ్ళప్పగించి చూసి, చప్పట్లు కొట్టి, బయటికొచ్చాక, "పాట మధ్యలో మీరు కునికిపాట్లు పడుతున్న పిల్లని మందలించకుండా, పాడుతూనే వెళ్ళి ఆ పిల్ల పక్కన కిటికీ తెరిచారు. ఆ కిటికీ నాది" అంది.

"అంత కష్టపడి తోడేలునైతే కిటికీ ఎత్తుకెళ్ళిందా!" అని ఇంగ్లీషు మేడమ్ మొహం గంటుపెట్టుకుంది. కానీ ఆ తర్వాత ఆవిడ క్లాసులో కిటికీలు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉండటం నేను గమనించాను.

రానురాను ఏమైందంటే, దొంగ పడటం మాకు గొప్పయిపోయింది. నేను అద్దాలు గీతలు పడేదాకా తుడిచాను. డ్రాయింగు మాస్టారు "నా క్లాసుకి ఎప్పుడొస్తారు మేడమ్, ఈ వారం ఖాళీయే" అని వెంటబడ్డాడు. ఒకరి లోపాలు ఒకరం ఎంచుకోవడం కాస్త తగ్గింది. ఒక్క మనిషి విషయంలో తప్ప. ఆయన మా సైన్సు మాస్టారు.

సైన్సు మాస్టారు ఆ ఏడాదే చేరిన కుర్రాడు. సన్నగా, వంగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు నడిచేవాడు. ఆయన మాట పక్కనున్నవాళ్ళకి కూడా సగమే వినబడేది, మిగతా సగం చొక్కా బొత్తాలతో చెప్పేవాడు. అందుకే ఆయన్ని గొణుగుడు మాస్టారు అనేవాళ్ళం. ఆయన క్లాసులో కూర్చుని వచ్చినవాళ్ళందరూ మంచి అనే మాట దగ్గర నీళ్ళు నమిలి, లోపాల దగ్గర మాత్రం ఊపిరి తీసుకోకుండా చెప్పారు. గొంతు వినబడదు, పిల్లలకి వీపు చూపిస్తాడు, రాత చీమలు పాకినట్టుంటుంది. అన్నిటికన్నా పెద్దది ఇంగ్లీషు మేడమ్ చెప్పింది: "పిల్లలు ప్రశ్నడిగితే 'నాకు తెలీదు' అంటాడండీ! అదీ సైన్సు మాస్టారు!" మేమంతా ముక్కున వేలేసుకున్నాం.

యాజమాన్యం ఆయన్ని ఉంచాలో వద్దో టర్ము చివర చెప్పమంది. హెడ్మిస్ట్రెస్ మంచిదే, కానీ వచ్చిన మాటలన్నీ ఒకవైపే ఉంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఒకరోజు మెట్ల దగ్గర ఆయన నాతో అన్నాడు, "వాళ్ళు పొమ్మనేలోగా నేనే పోతాను మాస్టారూ. మా బావకి మేకులూ బోల్టులూ అమ్మే కొట్టుంది, రమ్మంటున్నాడు."

"నీకు ఇష్టమేనా?"

"మేకులు ప్రశ్నలడగవు కదండీ" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. మాస్టారు కావాలని ఆ కుర్రాడు చిన్నప్పుడు ఇంట్లో గోడ మీద బొగ్గుతో పాఠాలు చెప్పి దెబ్బలు తిన్నవాడని తర్వాత తెలిసింది.

ఇక ఆయన క్లాసు చూడనిది సోషల్ మేడమ్ ఒక్కతే. "రేపు మీ ఇంట్లో పడుతున్నా నాయనా" అని ఆవిడ చెప్తే, "ఖాళీ ఇల్లు మేడమ్, శ్రమ దండగ" అన్నాడాయన.

మర్నాడు ఆవిడ ఆ క్లాసులోంచి ఉత్తచేతులతో బయటికి వచ్చింది. అలా ఎప్పుడూ జరగలేదు. స్టాఫ్‌రూంలో ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

"ఏమీ దొరకలేదా మేడమ్?" అన్నాను.

"రేపు మళ్ళీ వెళ్తా."

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ ఉత్తచేతులే. మరో రోజూ అంతే. డ్రాయింగు మాస్టారు "పాపం, అటకమీద కూడా వెతికినట్టుంది" అని గొణిగితే, పంతం మరిచిపోయి ఇంగ్లీషు మేడమ్ కూడా నవ్వింది. సైన్సు మాస్టారు మాత్రం టీ కూడా తాగకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. రోజూ అందరి ముందూ ఇల్లు సోదా చేయించుకుని ఏమీ లేదనిపించుకోవడం ఎంత నరకమో వాలిపోయిన ఆయన మెడ చూస్తే తెలిసేది.

వారం గడుస్తుండగా, ఒకరోజు ఆవిడ దాదాపు పరిగెడుతున్నట్టు వచ్చింది. అంత భారీ మనిషి పరిగెత్తేసరికి బల్లమీద కప్పులు గలగలమన్నాయి.

"దొరికిందండీ! ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందంటే, ఆ సరుకు ఒక్కరోజులో కనబడేది కాదు. మొదటిరోజు ఒక పిల్ల అడిగింది, చేపలకి దాహం వేస్తుందా అని. ఈయన 'నాకు తెలీదు, కనుక్కుని చెప్తా' అన్నాడు. మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు, 'ఇంకా వెతుకుతున్నా' అన్నాడు. ఇవాళ క్లాసులోకి వస్తూనే బోర్డు దగ్గరికి పోకుండా తిన్నగా ఆ పిల్ల బెంచీ దగ్గరికి వెళ్ళాడు. సముద్రంలో చేపలు నీళ్ళు తాగుతాయనీ, మంచినీళ్ళ చేపలకి ఆ అవసరం పడదనీ చెప్పాడు. ఆ పిల్ల మొహం చూడాలి మీరు! తన ప్రశ్న ఒక పెద్దమనిషి ఇంటికి తీసుకెళ్ళి అన్నాళ్ళు దగ్గరపెట్టుకున్నాడని! ఆ వెంటనే క్లాసంతా చేతులే చేతులు. ఆయన గొణుగుడు వినబడాలని అందరూ ముందుకి వంగారు. మన ఎవరి క్లాసులోనైనా అన్ని ప్రశ్నలు పుడతాయా?"

ఇంగ్లీషు మేడమ్ కప్పులోకి చూసుకుంది.

ఆవిడ, తన వెనకే వచ్చి తలుపు దగ్గర ఆగిన సైన్సు మాస్టారి ముందుకి వెళ్ళి, "ఆ 'తెలీదు' నాకు కావాలి. ఇస్తారా?" అంది.

ఆయన కంగారుపడ్డాడు. "అది... నిజంగా తెలీకే అంటానండీ."

"తెలిసి తెలీదంటే అది నాటకం. నాకు అసలు సరుకే కావాలి. అయితే ఒక్క చిక్కు. ఇన్నేళ్ళ సర్వీసులో నా నోటికి ఆ మాట అలవాటు లేదు. మీరొచ్చి నా వెనక బెంచీలో కూర్చుని, నేను సరిగ్గా అంటున్నానో లేదో చూడాలి."

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని కుర్రాడు, మా అందరిలోకీ సీనియర్ మేడమ్‌కి గురువుగా వెళ్ళి కూర్చున్నాడు. మా గదుల మధ్య గోడ పలచన, నేను బోర్డు తుడుస్తున్న వంకతో చెవి అటు పెట్టాను. ఆవిడ పాతకాలపు రాజుల గురించి చెప్తోంది. ఒక పిల్ల లేచి, "మేడమ్, రాజుగారికి పన్ను నొప్పి వస్తే ఎవరు పీకేవారు?" అని అడిగింది.

"ఆ, దానికేముందమ్మా, రాజవైద్యుడుంటాడు, ఆయన బంగారు పటకారు తెచ్చి..." అని ఆవిడ అల్లడం మొదలుపెట్టింది.

"కాదు మేడమ్" అని సన్నగా వినబడింది.

"...వెండి పళ్ళెంలో ఆ పన్ను పెట్టి, ఊరంతా దండోరా వేయించి..."

"మేడమ్, మీకు తెలీదు!"

"తెలీకపోవడమేంటి, ఆ పటకారుకి కెంపులు కూడా..."

"తెలీదనండి మేడమ్!"

ఆ కేకకి నా చేతిలో డస్టర్ జారిపడింది. గొణుగుడు మాస్టారి గొంతది. గోడ దాటి, నా క్లాసు దాటి, వరండాలో వెళ్తున్న హెడ్మిస్ట్రెస్ కాళ్ళకి బ్రేకు వేసింది. ఆవిడ అక్కడే ఆగిపోయి, లోపలికి తొంగిచూసింది. పిల్లలందరూ వెనక్కి తిరిగి సైన్సు మాస్టారిని చూస్తున్నారట. ఆయన నిలబడి ఉన్నాడట, వంగకుండా.

"నాకు తెలీదమ్మా. కనుక్కుని చెప్తా" అంది సోషల్ మేడమ్ ఎంతో కష్టంగా. ఆయన "ఆ, ఇప్పుడు సరిగ్గా అన్నారు" అన్నాడు. క్లాసంతా చప్పట్లు.

టర్ము చివర హెడ్మిస్ట్రెస్ యాజమాన్యంతో ఆయన ఉండాల్సిందేనని గట్టిగా చెప్పింది. "ఆ క్లాసు పిల్లలు ఇప్పుడు వరండాలో నన్ను ఆపి మరీ ప్రశ్నలడుగుతున్నారు. ఆయన పోతే అవన్నీ నా నెత్తిన పడతాయి" అని మాతో అంది. బావగారి మేకుల కొట్టుకి వేరే మనిషి దొరికాడు.

ఇక్కడితో అయిపోయేదే, నా చేతి వాచీ ఆగిపోకపోతే. సెలవుల్లో దాన్ని సోషల్ మేడమ్ వాళ్ళాయన కొట్టుకి పట్టుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని వాచీ విప్పుతుంటే, మాటల్లో నేనన్నాను, "మీ ఆవిడ ఈ ఏడాది 'తెలీదు' అనడం నేర్చుకున్నారండీ. మా సైన్సు మాస్టారే నేర్పాడు."

ఆయన భూతద్దం తీసేసి నా వంక చూశాడు. "ఈ ఏడాదా? పెళ్ళయిన దగ్గర్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నది ఆ మాటే కదండీ! 'పిల్లలు ఇది అడిగారు, తెలీదన్నాను, మీకేమైనా తెలుసా' అంటూ రోజూ ఇంటికి ఒక ప్రశ్న మోసుకొస్తుంది. వాచీలు బాగుచేసేవాణ్ణి, రాజుగారి పన్ను సంగతి నాకేం తెలుసు?"

"మరి... ప్రశ్న అడిగి కాసేపు ఆగడం?"

"అదా? నా కళ్ళజోడు పోకముందు, ఇంటికొచ్చే పిల్లల్ని ప్రశ్నడిగి రుమాలు మడతపెట్టుకుంటూ ఆగేది." ఆయన నా మొహం చూసి గబుక్కున జాలిపడ్డాడు. "మీరేం బాధపడకండి మాస్టారూ. నేనూ మోసపోయినవాణ్ణే. కొత్తలో నేను ఒకసారి ఉల్లిపాయలు తరిగితే, 'అబ్బ, ఇంత సన్నగా ఎలా తరుగుతారండీ, నాకు నేర్పరూ' అంది. నేర్పుతూనే ఉన్నా. ఆవిడకి ఇప్పటిదాకా రాలేదు."

ఒక క్షణం నాకు ఒళ్ళు మండింది, దాచేదేముంది. రంగు చాక్‌పీసుల నాటి గర్వమంతా బుడగలా పోయింది. కానీ ఇంటికి నడుస్తుంటే సైన్సు మాస్టారి కేక మళ్ళీ చెవిలో మోగింది. ఆ కోపం వీధి మలుపు దాటేలోపే కరిగిపోయి, ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

స్కూలు తెరిచిన రోజున ఆవిణ్ణి వరండాలో ఆపి అడిగేశాను, "మీకు ముందే వచ్చినవి మా దగ్గర దొంగిలించడమెందుకు మేడమ్? బావుందని ఒక్క మాట చెప్తే పోయేదిగా?"

ఆవిడ ఉలిక్కిపడింది. వాళ్ళాయన కొట్టున్న వైపు ఒకసారి కోపంగా చూసింది. తర్వాత నావైపు తిరిగి, "తెలీదు మాస్టారూ. కనుక్కుని చెప్తా" అని వెళ్ళిపోయింది.

తప్పించుకుందనుకున్నాను. మర్నాడు నా క్లాసు మొదలవుతుండగా తలుపు దగ్గరికి వచ్చింది. పిల్లలకి వినబడకుండా నన్ను బయటికి పిలిచి, "నిన్న అడిగారుగా. రాత్రంతా ఆలోచించా. బావుందంటే ఎవరూ నమ్మరు మాస్టారూ, మొహమాటానికి అన్నారనుకుంటారు. అదే దొంగ పడిందనుకోండి, ఇంట్లో ఏదో ఉందని వాళ్ళే నమ్ముతారు" అంది. అని, ఏమీ జరగనట్టు తన క్లాసుకి వెళ్ళిపోయింది.

ఈ సంగతి నేను స్టాఫ్‌రూంలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే అందరి ఇళ్ళూ ఒక్కసారిగా ఖాళీ అయిపోతాయి. సైన్సు మాస్టారికైతే ఎప్పటికీ చెప్పను. స్కూల్లో కొత్తగా ఎవరు చేరినా ఆయన వాళ్ళని పక్కకి తీసుకెళ్ళి, ఇప్పటికీ సగం మాట బొత్తాలకే చెప్తూ, "మా సోషల్ మేడమ్ ఉన్నారే, ఆవిడకి తెలీదు అనడం నేర్పింది నేనే" అంటుంటాడు. ఆ ఒక్క ముక్క మాత్రం అందరికీ స్పష్టంగా వినబడుతుంది.